మీ గణితం వర్క్‌బుక్‌ను సర్కారు బడులు ఎందుకు కొనడం లేదంటే

అడ్డుపడుతున్నది ధర కాదు, అట్ట మీద మీరు వేసిన "ఐదో తరగతి గణితం పాఠ్యపుస్తకం" అన్న మాట. దేవరకొండ వైపు హెడ్మాస్టర్లు బాగుందంటూనే వెనక్కిస్తున్నారన్నారు కదా. ఏం బోధించాలో నిర్ణయించేది, విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 29 కింద, తెలంగాణలో ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి). ఆ సంస్థ తయారుచేసిన పాఠ్యపుస్తకాలు సర్కారు బడి పిల్లలకు ఉచితంగా అందుతాయి. ఇంకో పాఠ్యపుస్తకం కొంటే ఆడిట్‌లో హెడ్మాస్టరే జవాబు చెప్పుకోవాలి, వాళ్ల టెన్షన్ అదే.

1. అట్ట మార్చండి: "అదనపు అభ్యాస పుస్తకం".

2. చాలామంది వదిలేసేది ఇదే. కొన్ని లెక్కలు, బొమ్మలు ప్రభుత్వ పుస్తకంలోవే అని మీరే రాశారు. పీడీఎఫ్ ఉచితంగా దొరికినంత మాత్రాన అచ్చేసి అమ్మే హక్కు రాదు, కాపీరైట్ ఉంటుంది. ఎస్‌సీఈఆర్‌టీ డైరెక్టర్‌కు ఏ పేజీలు వాడారో చెప్పి రాతపూర్వక అనుమతి అడగండి. లేదా ఆ పేజీలు తీసేసి సొంతంగా రాయండి. నేనైతే రెండోదే చేస్తాను. బత్తాయి తోటలు, సాగర్ కాలువ నీళ్లతో లెక్కలు కడితే మన పిల్లలకు ఇంకా దగ్గరవుతాయి.

3. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోండి, మన దేశంలో ఉచితం.

4. సర్కారు బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో బడి లైబ్రరీకి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల గ్రాంటు ఉంది. ఈసారి పుస్తకాలు బడే ఎంచుకుంటుందా, పైనుంచి వస్తాయా అని నల్లగొండ డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో ముందే అడగండి. అది తెలిశాకే రెండో ముద్రణకు వెళ్లండి.