క్రాస్ బ్రీడ్ కుక్కకి జబ్బులు రావా? టీకాలు తక్కువ వేయించినా చాలా?

జబ్బులు వస్తాయి, టీకాలు కూడా జాతి కుక్కకి ఎన్ని వేయిస్తామో దీనికీ అన్నీ వేయించాల్సిందే. క్రాస్ కుక్క గట్టిది అనడంలో కొంత నిజం లేకపోలేదు: కొన్ని వంశపారంపర్య జబ్బులు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు అందాలి, వేర్వేరు జాతులు కలిసినప్పుడు ఆ అవకాశం తగ్గుతుంది. అంతవరకే. పార్వో, డిస్టెంపర్, రేబిస్ వైరస్‌లకు జాతితో పనిలేదు, అందుకే 6-8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి డాక్టర్ చెప్పిన తేదీలకు బూస్టర్లు తప్పకుండా వేయించండి.

ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ క్రాస్‌నే తీసుకోండి. రెండు జాతుల్లోనూ తుంటి కీలు సరిగ్గా కుదరని సమస్య ఎక్కువ, కాబట్టి పిల్లకీ రావచ్చు. లేచేటప్పుడు ఇబ్బంది పడుతున్నా, మెట్ల దగ్గర ఆగిపోతున్నా, పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతున్నా వెంటనే చూపించండి, ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువు మాత్రం అస్సలు పెరగనివ్వొద్దు. రెండింటికీ లోపల ఒత్తు బొచ్చు ఉంటుంది కాబట్టి వారానికి రెండు మూడుసార్లు దువ్వాలి.

చాలామంది పొరబడేది గుణం విషయంలో. సగం ల్యాబ్ కాబట్టి సగం శాంతం, సగం షెపర్డ్ కాబట్టి సగం కాపలా అనుకుంటారు, కానీ ఒకే ఈతలో పుట్టిన పిల్లలు కూడా రూపంలో, స్వభావంలో ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండొచ్చు.