పడకలు పెంచే ముందు బీమా పాలసీ తీసి చదవండి

ప్రశ్న: రెండు పడక గదుల ఫ్లాట్‌ను రోజువారీ అద్దెకు ఇస్తున్నాను. నలుగురికి సరిపోతుంది. నెలలో సగం రాత్రులు బుక్ అవుతాయి. పెద్ద కుటుంబాల వాళ్లు ‘ఎనిమిది మందికి వీలవుతుందా’ అని అడిగి, కాదనగానే వెళ్లిపోతున్నారు. హాల్లో సోఫా కమ్ బెడ్, చిన్న గదిలో అదనంగా బంక్ బెడ్ వేయాలనుకుంటున్నాను. కొంత పర్సనల్ లోన్, కొంత క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే సీజన్‌లో తీర్చేయవచ్చని లెక్క. చేతిలో ఒక నెల ఖర్చులకు డబ్బుంది. హోమ్ లోన్ నడుస్తోంది. దాంతోపాటు తీసుకున్న ఇంటి బీమా ఉంది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. అద్దెకిచ్చే చాలామంది మీలాగే మంచాల ఖర్చు ఒక్కటే లెక్కేస్తారు. ఎనిమిది మందిని పడుకోబెట్టడం వల్ల నెత్తిన పడే బాధ్యత ఆ లెక్కలో ఉండదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ‘ఇంటి బీమా ఉంది’ అన్న ఒక్క మాట.

హోమ్ లోన్‌తో ఇచ్చే పాలసీ సాధారణంగా మీరు నివసించే ఇంటికి రాసింది. డబ్బు తీసుకుని కొత్తవాళ్లను దించడాన్ని చాలా పాలసీలు వ్యాపారంగానే చూస్తాయి. ఆ సంగతి కంపెనీకి చెప్పకపోతే రేపు అగ్నిప్రమాదం జరిగినా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. పైగా అలాంటి పాలసీల్లో చాలావరకు గోడలకు, సామానుకు రక్షణ ఉంటుంది గానీ, బంక్ బెడ్ మీద నుంచి పడి చెయ్యి విరిగిన అతిథి నష్టపరిహారం అడిగితే కట్టే థర్డ్ పార్టీ కవర్ ఉండదు. అది లేకుండా పైమంచం వేస్తే మీ పొదుపును, మీ ఫ్లాట్‌ను పణంగా పెట్టినట్టే.

బంక్ బెడ్ గురించి ఇంకో మాట. పైమంచం మీద ఆరేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టకూడదు. రెయిలింగ్ పరుపు కంటే కనీసం 5 అంగుళాలు ఎత్తుండాలి. అతిథికి మెత్తగా ఉండాలని మందపాటి పరుపు వేస్తే ఆ ఎత్తు కాస్తా పోతుంది. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ తరఫున విచారణకు వచ్చేవాళ్లు ఇలాంటివి కూడా చూడొచ్చు. సోఫా కమ్ బెడ్ తెరిచాక తలుపు దాకా దారి మిగులుతుందో లేదో కూడా టేపుతో కొలుచుకోండి.

బుకింగ్ యాప్ చూసుకుంటుందిలే అనుకోకండి. ఉదాహరణకు ఎయిర్‌బీఎన్‌బీ యాప్ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు ఇచ్చే ఎయిర్‌కవర్ అనే రక్షణలో అతిథి పాడుచేసిన సామానుకు పరిహారం కావాలంటే, ఆ అతిథి ఖాళీ చేసిన 14 రోజుల్లోపు అడగాలి. వాడకంతో అరిగిపోయినవాటికి ఏమీ రాదు. రోజూ తెరిచి మూసే సోఫా కమ్ బెడ్‌కు జరిగేది చాలావరకు ఆ అరుగుదలే. యాప్ బయట ఫోన్లో మాట్లాడుకుని ఇచ్చిన బుకింగులకు ఆ రక్షణే వర్తించదు.

ఇక అప్పు. ‘సీజన్‌లో తీర్చేస్తాను’ అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. ఈఎంఐకి సీజన్ ఉండదు, ప్రతి నెలా వస్తుంది. నలుగురికి మించిన గుంపులు ఎక్కువగా వారాంతాల్లోనే దిగుతాయి. నెలకు ఎనిమిది వారాంతపు రాత్రులు, మీ లెక్క ప్రకారం అందులో సగం బుక్ అవుతాయనుకుందాం. ఆ నాలుగు రాత్రులూ పెద్ద గుంపులే వచ్చి, ఒక్కో రాత్రికి మామూలు అద్దెలో పావు వంతు అదనంగా ఇచ్చినా మీకు మిగిలేది ఒక రాత్రి అద్దె. అందులోంచే అదనపు లాండ్రీ, క్లీనింగ్ పోవాలి. ప్రతి పడకకూ మూడు సెట్ల దుప్పట్లు కావాలి: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అల్మరాలో. ఇన్ని పోగా మిగిలినదానితో రెండు అప్పుల ఈఎంఐలు కడతారా? కార్డు బాకీ నెలకు 3 శాతం చొప్పున పేరుకుంటే ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఆ వడ్డీని మించి సంపాదించే మంచం ఎక్కడా లేదు. కార్డును దీనికి వాడకండి. హోమ్ లోన్ మీద టాప్-అప్, అంటే అదే లోన్ మీద అదనంగా తీసుకునే అప్పు, వడ్డీ తక్కువే, అయినా మంచం అరిగిపోయాక కూడా ఏళ్ల తరబడి దాని అప్పు కడుతూనే ఉంటారు. అదీ వద్దు.

చేతిలో ఉన్న నెల ఖర్చుల డబ్బును ముట్టుకోకండి. బుకింగులు ఆగిపోయినా హోమ్ లోన్ కట్టాలి కాబట్టి దాన్ని ఆరు నెలలకు పెంచుకోండి.

అంతవరకు కావాలంటే అద్దె డబ్బులోంచి పక్కన పెట్టుకుని, అప్పు లేకుండా ఒక్క సోఫా కమ్ బెడ్ కొనండి. ఆరుగురికి సరిపోతుంది. అదనపు అతిథికి విడిగా రుసుము పెట్టి రెండు మూడు నెలలు చూడండి. గాలి పరుపు చవకే గానీ పసిపిల్లలకు ప్రమాదం.

ఈ వారమే బీమా కంపెనీకి మెయిల్ పెట్టండి. ఫ్లాట్‌ను రోజువారీ అద్దెకు ఇస్తున్నానని, ఆరుగురు ఉంటారని, థర్డ్ పార్టీ కవర్ కావాలని స్పష్టంగా రాయండి. ఏజెంటు నోటిమాట చాలదు, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. అద్దెకిచ్చేందుకు మీరు తీసుకున్న అనుమతి పత్రంలోనూ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిబంధనల్లోనూ ఎంతమంది వరకు ఉండొచ్చని ఉందో చూడండి. ఇవన్నీ సరిపోయాకే లిస్టింగులో అతిథుల సంఖ్య మార్చండి.