ఎస్‌ఎస్‌ఎల్ ఉంటే చాలా?

ప్రశ్న: మా వ్యాపారానికి వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైట్ చేయించాం. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ కూడా ఉంది. ఇక టెన్షన్ అక్కర్లేదు కదండీ?

జవాబు: ఎస్‌ఎస్‌ఎల్ మీ సైట్‌కూ చూసేవారికీ మధ్య దారిలో వెళ్లే సమాచారాన్నే కాపాడుతుందండీ, సైట్‌లోని లోపాలను పూడ్చదు. 2017 జనవరిలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.7.2 వెర్షన్ ఒక పెద్ద లోపాన్ని సరిచేసింది. అప్‌డేట్ చేసుకోని వేల సైట్ల పేజీలను ఫిబ్రవరిలో హ్యాకర్లు మార్చేశారు. అందుకే ఆటో అప్‌డేట్ పెట్టుకోండి. వాడని ప్లగిన్లను, అంటే సైట్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రామ్‌లను, తీసేయండి.

నాకు అన్నిటికంటే భయం పాత లాగిన్లంటేనే. ఈరోజే డ్యాష్‌బోర్డ్‌లో ‘యూజర్స్’ తెరవండి. సైట్ తయారుచేసినవారి అడ్మిన్ ఖాతా ఇంకా ఉందా? వారితో పని అయిపోతే తొలగించండి. అప్పుడు వారు పెట్టిన పేజీలను ఏం చేయాలని అడుగుతుంది. మీ ఖాతాకు మార్చమనండి, లేదంటే అవీ పోతాయి. బ్యాకప్ మాత్రం వేరే సర్వర్‌లో ఉంచి, ఒకసారి తిరిగి ఎక్కించి చూసుకోండి.