బ్లీచింగ్ పెంచాలా, తగ్గించాలా?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల పక్కనే గెస్ట్‌హౌస్ కట్టి, పిల్లల కోసం స్విమ్మింగ్ పూల్ పెట్టించామండి. 50 వేల లీటర్లు పడుతుంది, బోరు నీళ్లే. రోజూ పొద్దున్నే బ్లీచింగ్ చల్లిస్తున్నా నీళ్లు ఓసారి పాలలా, ఓసారి పచ్చగా అవుతున్నాయి. దిగితే కళ్లు మంట, ఘాటు వాసన. సంక్రాంతికి చుట్టాలంతా వస్తారు, టెన్షన్‌గా ఉంది. బ్లీచింగ్ తగ్గించాలా, పెంచాలా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ సంగతి తర్వాతండి, ముందు పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్ల, క్షార గుణం ఎంతుందో చెప్పే కొలత, చూడండి. చెరువులున్నవారికి నేను కొత్తగా చెప్పేదేముంది, కాకపోతే చెరువులో 8 దాటినా మీరు కంగారు పడరు, పూల్‌లో మాత్రం 7.2 నుంచి 7.8 లోపే ఉండాలి. 7.5 దగ్గర ఉంటే వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం క్రిముల మీద గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8 దాటిందంటే పావు వంతు కూడా ఉండదు. మీరు బస్తాలు కుమ్మరించినా నాచు పెరుగుతోందంటే నాకు మొదట అనుమానం దీని మీదే. పైగా పొద్దున్న చల్లితే ఎండకి క్లోరిన్ గంటల్లో ఎగిరిపోతుంది. సాయంత్రం వేయించండి.

పాలలా మారడానికి కారణం సున్నం. బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువైతే, బ్లీచింగ్‌లోని సున్నం కూడా దానికి తోడై, పీహెచ్ పెరగగానే తెల్లగా విరుగుతుంది. ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే క్షార గుణం), హార్డ్‌నెస్ (కాఠిన్యం) మీ దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌లోనే చూపించండి. ఆల్కలినిటీ 80–120 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) ఉంటే చాలు. ఎక్కువుంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దికొద్దిగా వేసి, మోటారు తిప్పి, మళ్లీ కొలవండి. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాతే యాసిడ్. తిరగేస్తే మొహం మీదకి చిందుతుంది.

ఇక ఆ ఘాటు వాసన. క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు గానీ చాలాసార్లు జరిగేది తక్కువవడమే! చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్ క్లోరమైన్లుగా మారి కళ్లు మండిస్తుంది (పిల్లల్ని అడిగితే ఒప్పుకోరు లెండి). డీపీడీ కిట్‌తో (నీటి రంగు మార్పుతో క్లోరిన్ కొలిచేది) టోటల్ క్లోరిన్, ఇంకా దేనితోనూ కలవని ఫ్రీ క్లోరిన్ రెండూ కొలవండి. ఆ రెండింటి తేడాయే క్లోరమైన్లుగా మారిన భాగం; దానికి పది రెట్లు క్లోరిన్ ఒకేసారి, సాయంత్రం పూట పడాలి. మీ పూల్‌కి 65 శాతం క్లోరిన్ ఉండే గుళికల బ్లీచింగ్ సుమారు 77 గ్రాములు వేస్తే 1 పీపీఎం పెరుగుతుంది. ఫ్రీ క్లోరిన్ మళ్లీ 1–3 పీపీఎంకి దిగేదాకా ఎవర్నీ దింపొద్దు.

ట్రైక్లోర్ బిళ్లలు (పూల్‌లో వాడే మరో రకం క్లోరిన్), బ్లీచింగ్ ఒకే డబ్బాలో కలపకండి, పేలే ప్రమాదముంది. పండక్కి జనం ఎక్కువుంటారు కాబట్టి రోజుకి రెండుసార్లు కొలవండి, దిగేముందు అందరూ స్నానం చేయాల్సిందేనని బావగారికైనా మొహమాటం లేకుండా చెప్పండి.