నోవహు పాఠం చెప్పే ముందు

చిన్నీకి,

ప్రభువు నామంలో పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు సండే స్కూల్ క్లాసు అప్పగించారట, వచ్చే నెల నుంచి స్త్రీల కూడికలో కూడా వాక్యం చెప్పమంటున్నారట. ఫోన్ పెట్టేశాక వంటింట్లో కాసేపు ఊరికే నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లప్పుడు మన గుంటూరు ఇంటి అరుగు మీద నిలబడి "యెహోవా నా కాపరి" అని గట్టిగా మొదలుపెట్టి, "నాకు లేమి" దగ్గర మరిచిపోయి మా అందరి మొహాలూ చూసిన పిల్లవి. నువ్వు ఇప్పుడు పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పబోతున్నావు. మన గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చి బళ్లు పెట్టిన నాటి నుంచి మనలాంటి ఇళ్లకు అక్షరమూ వాక్యమూ కలిసే వచ్చాయి. ఆ పని నీ చేతికి కూడా అందిందంటే నాకు ఎంత సంతోషమో రాయలేను.

అయితే ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. నీ మొదటి పాఠం నోవహు ఓడ అట. మీ సంఘం ఉన్నది బుడమేరు వరదలో మునిగిన విజయవాడ సింగ్ నగర్‌లో. ఆ రెండు మాటలూ కలిపి ఆలోచించేసరికి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, చెప్పాల్సింది సగంలోనే ఆగిపోతుంది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ప్రార్థన చేసుకోకుండా బైబిల్ తెరవకు. వాక్యభాగం పైకి మూడుసార్లు చదువు. యూట్యూబ్‌లో విన్న ప్రసంగం తెచ్చి అప్పజెప్పకు. పిల్లలకు ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం ఏమీ తినకుండా పరిగెత్తకు, ఖాళీ కడుపుతో ఉంటే నీకు కళ్లు తిరుగుతాయి.

రోజూ చూసే వాటిలోంచి పాఠం తియ్యడం నీకు బాగానే వస్తుంది. యేసు ప్రభువు చెప్పినవీ అలాంటివే కదా. విత్తనాలు, పుల్లని పిండి, పోయిన నాణెం కోసం దీపం పెట్టి ఇల్లు ఊడ్చిన ఆవిడ. నేను బళ్లో పనిచేసే రోజుల్లో ఆదివారం క్లాసులో గోధుమలు, గురుగుల ఉపమానం చెబుతున్నాను. "కోతకాలమువరకు రెంటిని కలిసి యెదుగనియ్యుడి" అని యజమాని ఎందుకన్నాడో పిల్లలకు ఎక్కడం లేదు. ఒక పిల్ల లేచింది. వాళ్లమ్మ మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరడానికి కూలికి వెళ్లేది. "చెట్టు మీద అన్నీ ఎర్రగానే ఉంటాయి టీచర్. కొన్ని ఎండితేగానీ తాలు అని తెలీదు. అందుకే మా అమ్మ తోటలో ఏరదు, కల్లంలో ఏరుతుంది" అంది. ఆ ఉపమానం నాకు ఆ రోజే సరిగ్గా అర్థమైంది. మనిషి బతుకు ఇంకా పచ్చిగా ఉండగానే వీడు మంచివాడు, వీడు చెడ్డవాడు అని ఏరెయ్యడం మన పని కాదని. అలాంటి పిల్లలు నీ క్లాసులోనూ ఉంటారు. వాళ్లను మాట్లాడనివ్వు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1977 నవంబరు 19, శనివారం. ఆ గాలి గుంటూరులో విన్నవాళ్లం కూడా ఇప్పటికీ మర్చిపోలేదు. మా హాస్టల్ కిటికీ తలుపులు ఊడిపోయాయి, రాత్రంతా గదిలో మూల కూర్చున్నాం. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిందని తరవాత తెలిసింది. ఊళ్లకు ఊళ్లే పోయాయి. చనిపోయినవాళ్లు పదివేల పైమాటే అన్నారు. పశువుల కళేబరాలకైతే లెక్కే లేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. కంఠత వాక్యాల పోటీల్లో ఎప్పుడూ నాదే మొదటి బహుమతి. ఉప్పెన వచ్చిన రెండు వారాలకు ఒకరింట్లో ప్రార్థన కూడిక పెట్టారు. వాక్యం చెప్పాల్సిన ఆవిడకు జ్వరం వచ్చి నన్ను చెప్పమన్నారు. గంట టైం ఉంది. అందరి నోటా తుపాను మాటే, అందుకని తుపాను ఉన్న వాక్యభాగం వెతికాను. యోనా గ్రంథం మొదటి అధ్యాయం దొరికింది.

బాగా చెప్పాననే అనుకున్నాను. యోనా దేవుని మాట వినకుండా తర్షీషు ఓడ ఎక్కాడు. సముద్రం పొంగింది. తన వల్లనే ఆ తుపాను వచ్చిందని యోనాయే ఒప్పుకున్నాడు. అక్కడిదాకా వాక్యం. ఆ తరవాత నావి సొంత మాటలు. "తుపాను ఊరికే రాదు. మొన్నటి ఉప్పెన కూడా ఊరికే రాలేదు. ఆ ఊళ్లల్లో ఎంతమంది యోనాలు దాక్కుని ఉన్నారో దేవుడికే తెలుసు" అన్నాను. అందరూ "ఆమేన్" అన్నారు. ఆ ఆమేన్ వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఈ మాట రాయడానికి నా చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది.

చాప చివర, గోడకు ఆనుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఆ ఇంటివాళ్లకు దూరపు బంధువు. నాలుగు రోజుల క్రితమే దివిసీమ నుంచి వచ్చింది. నాకు తెలియదు. నేను అడగనూ లేదు. ఆఖరి ప్రార్థన అయ్యాక లేచి నా దగ్గరకు వచ్చింది. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనుకుని అడిగింది.

"మా పెద్దాడికి ఆరేళ్లమ్మా. చిన్నదానికి ఇంకా నడక రాలేదు. వాళ్లిద్దర్లో యోనా ఎవరమ్మా?"

నాకు నోరు పెగల్లేదు. టీ గ్లాసులు తెచ్చారు, ఆవిడ తీసుకోలేదు. లోపలి గదిలోకి వెళ్లిపోయింది. నేను చెప్పులేసుకుని హాస్టల్‌కు వచ్చేశాను.

ఆ రాత్రి యోనా గ్రంథం మొత్తం చదివాను. ఎంతని? 4 అధ్యాయాలు, 48 వచనాలు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు కూడిక ముందు పెట్టి ఉంటే నేను ఆ మాట అనేదాన్ని కాదు. ఎందుకంటే ఆ గ్రంథం తుపానుతో ముగియదు. నీనెవె నాశనం కాలేదని యోనా అలిగి కూర్చుంటే దేవుడు అతన్ని అడుగుతాడు: కుడి యెడమలు ఎరుగనివాళ్లు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్న ఆ పట్టణం కోసం, అందులోని బహు పశువుల కోసం నేను విచారపడవద్దా అని. అదే ఆఖరి వచనం. కుడి చెయ్యేదో ఎడమ చెయ్యేదో తెలియని పిల్లలు, చిన్నీ. నోరులేని పశువులు. వాళ్ల కోసం విచారపడే దేవుణ్ణి నేను, ఆ తల్లి ముందు, వాళ్లను ముంచినవాడిగా నిలబెట్టాను. మొదటి అధ్యాయం మాత్రమే చదివి.

నాలుగు రోజులాగి, క్షమించమని అడుగుదామని ఆ ఇంటికి వెళ్లాను. ఆవిడ తిరిగి వెళ్లిపోయింది, పిల్లల ఆనవాళ్లేమైనా దొరుకుతాయేమోనని. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు. ప్రార్థనలో ఇన్నేళ్లుగా ఆ ఇద్దరు పిల్లల్నీ తలుచుకుంటాను. "ఆ పెద్దాడు, ఆ చిన్నది" అని మాత్రమే అనగలను. వాళ్ల పేర్లు నాకు తెలియవు.

గ్రుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అన్నాడు ప్రభువు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది మిగతావాళ్లకంటే పాపులా అని ఆయనే అడిగి, కాదన్నాడు; మీ సంగతి మీరు చూసుకోండి అన్నాడు. ఇవన్నీ నాకు అప్పటికే కంఠతా వచ్చు. వచ్చి కూడా అలా మాట్లాడాను.

ఇప్పుడు నీ నోవహు సంగతికి వస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో రోజుల తరబడి ఉన్న పిల్లలే నీ క్లాసులో కూర్చుంటారు. డాబాల మీద పడుకున్నవాళ్లు, పడవలో బయటపడ్డవాళ్లు, పుస్తకాలు, బట్టలు, ఇంట్లో ఫ్రిజ్జు, నాన్న ఆటో పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల ముందు నిలబడి "పాపులందరూ నీళ్లలో మునిగిపోయారు, మంచివాళ్లు ఓడలో ఉన్నారు" అని అట్టబొమ్మ చూపించి చెప్పేస్తావేమోనని నా భయం. నీకు తొందరెక్కువ తల్లీ. చిన్నప్పటి నుంచీ జవాబు ముందు రాసి, ప్రశ్న తరవాత చదివేదానివి. కోప్పడుతున్నానని అనుకోకు. నాలోనూ అదే తొందర ఉండేది కాబట్టి చెబుతున్నాను.

ఆ పాఠం మానెయ్యమని నేను అనను. వాక్యంలో ఉన్నది దాచకూడదు. లోకం చెడిపోయిందని ఉంది, తీర్పు ఉంది, అది చెప్పాల్సిందే. కానీ ఆరో అధ్యాయం ఆరో వచనం దగ్గర ఆగు. దేవుడు "తన హృదయములో నొచ్చుకొనెను" అని ఉంటుంది. పిల్లలకు ఆ నొచ్చుకోవడం అర్థమవుతుంది. అక్కడి నుంచి తొమ్మిదో అధ్యాయం దాకా, మేఘంలో ధనుస్సు వచ్చేదాకా వెళ్లు. సగంలో గంట కొట్టినా పాఠం నీళ్ల దగ్గర ఆపకు. టైం చాలదనిపిస్తే ఓడ కొలతలు తగ్గించుకో. ఆ కొలతలకు మాత్రం ఒక మాట: మూడువందల మూరలు అంటే వాళ్లకు తెలియదు. మల్లెపూల ఆవిడ మూర ఎలా కొలుస్తుందో చెయ్యి చాచి చూపించమను, దారం తెచ్చుకుని ముప్పై మూరలు కొలవనివ్వు. అది ఎత్తు మాత్రమే అని చెబితే వాళ్ల కళ్లు చూడు.

ఒక పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు, "మా వీధికి నీళ్లు ఎందుకొచ్చాయక్కా, దేవుడికి కోపమొచ్చిందా?" అని. అప్పుడు బోర్డు వైపు తిరగకు. వాడి పక్కన కూర్చుని, బుడమేరు కట్టకు గండ్లు పడి నీళ్లొచ్చాయని చెప్పు. జలప్రళయంతో భూమిని ఇంకెప్పుడూ నాశనం చెయ్యనని దేవుడు మాటిచ్చాడని చెప్పు. గాలి తుపానులో శిష్యులు భయపడినప్పుడు యేసు ఒడ్డున లేడు, అదే దోనెలో తలగడ మీద తల వాల్చుకుని ఉన్నాడని చెప్పు. అంతకు మించి నీకు తెలియకపోతే తెలియదనే చెప్పు.

తరవాత నువ్వు కూడా వాళ్లను ఒకటి అడుగు. పావురం నోట్లో ఓలీవ ఆకు చూసి నీళ్లు తగ్గాయని నోవహుకు తెలిసింది, మీకు ఎలా తెలిసింది అని. నీ పాఠంలో సగం వాళ్లే చెబుతారు. గోడ మీద మచ్చ కింద ఇటుక కనపడిందనో, మెట్టు తేలిందనో, ఎదురింటి కుక్క కిందికి దిగిందనో. మీకు ఎవరు అన్నం తెచ్చిపెట్టారని అడుగు. ఎవరైనా ఏడిస్తే పాఠం ఆపెయ్యి. ఏడ్చేవారితో ఏడవమని రోమా పత్రికలో ఉంది, ఆ వాక్యానికి వేరే వివరణ అక్కర్లేదు.

స్త్రీల కూడిక గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. అప్పటిదాకా ఒకటి గుర్తుంచుకో: ఎవరింట్లో కష్టాన్నీ వాళ్లను అడక్కుండా నీ ప్రసంగంలోకి తేకు. పేరు చెప్పకపోయినా తేకు. ఆడవాళ్లకు అది ఎవరి సంగతో నీ రెండో మాటకే తెలిసిపోతుంది.

నీకోసం ఒక చిన్న నోటుపుస్తకం పంపుతున్నాను, గీతలున్నది. ఈ శనివారం పాఠం రాసుకోకముందే ఆ పిల్లల ఇళ్లకు ఒకసారి వెళ్లి రా. ఎండగా ఉంటుంది, గొడుగు తీసుకెళ్లు, ఎవరైనా మజ్జిగ ఇస్తే వద్దనకు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, నేను ఎదురుచూస్తూ ఉంటాను. వాక్యం ఎలా చెప్పావో తరవాత అడుగుతాను. ముందు పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చదివి వినిపించు. నేనూ ఇక్కడ రాసుకుంటాను.

మీ పెద్దమ్మ,
గుంటూరు