ట్రౌట్ పెంపకానికి చలికాలపు చలి చాలదు

సందేహం: మాది చింతపల్లి మండలం. చలికాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. గెడ్డ నీరు చేరే చిన్న చెరువులో రెయిన్‌బో ట్రౌట్ పెంచాలనుకుంటున్నాను. ఎండాకాలంలో ఏరేటర్ (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రం) పెడితే సరిపోతుందా?
– ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

సలహా: సరిపోదు. దయచేసి ఈ చెరువులో ట్రౌట్ పిల్లలను వదలకండి. చలికాలం బాగానే పెరుగుతాయి, ఏప్రిల్, మే నెలలు దాటడం కష్టం. కారణం ఆ చేప రక్తంలోనే ఉంది.

రక్తంలోని హిమోగ్లోబిన్ మొప్పల దగ్గర ఆక్సిజన్‌ను పట్టుకుని కండరాల దగ్గర వదులుతుంది. బంగారు తీగ (కామన్ కార్ప్) చేప హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌పై పట్టు ఎక్కువ, అందుకే ఆక్సిజన్ తగ్గిన చెరువులోనూ నెట్టుకొస్తుంది. ట్రౌట్ హిమోగ్లోబిన్ పట్టు తక్కువ. చల్లగా, ఉరవడిగా పారే వాగుల్లో ఆక్సిజన్‌కు కొదవ ఉండదు. ప్రవాహానికి ఎదురీదే కండరాలకు దాన్ని త్వరగా వదలడమే అక్కడ అవసరం.

అంటార్కిటికా సముద్రంలోని ఐస్‌ఫిష్‌కైతే హిమోగ్లోబినే లేదు! రంగులేని దాని రక్తంలో ఆక్సిజన్ నేరుగా ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, కరిగి ప్రయాణిస్తుంది. పెద్ద గుండె ఎక్కువ రక్తాన్ని తోడిపోస్తుంది. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది కాబట్టి, సున్నా డిగ్రీలకు దిగువన ఉండే ఆ నీటిలోనే ఇది సాధ్యం.

మీ చెరువుకు వద్దాం. సముద్రమట్టంలో 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకుంటుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది, మీ ఎత్తులో ఇంకొంచెం తక్కువే. ఏరేటర్ ఎంత తిరిగినా ఈ హద్దు దాటించలేదు. పైగా వేడికి ట్రౌట్ హిమోగ్లోబిన్ పట్టు మరింత సడలుతుంది, శరీరం మాత్రం ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. కిక్కిరిసిన చెరువులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే రక్తం ఆమ్లంగా మారుతుంది. అప్పుడు నీటిలో ఆక్సిజన్ ఉన్నా ట్రౌట్ రక్తం పూర్తిగా నింపుకోలేదు.

దక్షిణాదిన ట్రౌట్ నిలదొక్కుకున్నది నీలగిరులు, మున్నార్ ప్రాంతాల ఎత్తైన కొండవాగుల్లో. మీ మండలంలోని లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లే.

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి చెరువు అడుగున నీటి ఉష్ణోగ్రత కొలవండి. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీలు అనుకూలం. 20 దాటితే మేత తగ్గిస్తుంది, 25 దగ్గర చనిపోతుంది. ఏడాదంతా 18 దాటని ఊటనీరు నిరంతరం పారుతుంటే మళ్లీ రాయండి, తప్పకుండా ఆలోచిద్దాం.

ప్రస్తుతానికి బంగారు తీగను ప్రధానంగా, బొచ్చె, రోహులను కొద్దిగా వేసుకోండి. డిసెంబరు, జనవరి చలిలో వాటికి అరుగుదల మందగిస్తుంది కాబట్టి మేత తగ్గించి, ఎండ వచ్చి నీరు కాస్త వేడెక్కాకే వేయండి.