కెమెరా బాడీ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి, లెన్స్ దగ్గర ఆలోచించండి

ప్రశ్న: సార్ నమస్తే. మాది ఏలూరు. ఉద్యోగంలో చేరి 8 నెలలైంది, కెమెరా కోసం 45 వేలు దాచుకున్నా. కొల్లేరు పక్షుల్ని తీయాలని చిన్నప్పట్నుంచీ కోరిక. ఇంట్లో అక్క కూతురికి ఏడాది నిండింది, దాని ఫొటోలూ కావాలి. షాపులో కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా), 18-55 ఎంఎం లెన్సు, బ్యాగు, ట్రైపాడ్ కలిపి ఇస్తామంటున్నారు. మా ఫ్రెండేమో డీఎస్‌ఎల్‌ఆర్ పాతబడిపోయింది, ఆ అద్దం లేని మిర్రర్‌లెస్సే కొను అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ కాంబో వద్దండి. మీకు కావాల్సినవి పక్షులు, పాప అని మీరే రాశారు, ఆ 18-55 ఒక్కదానితో ఈ రెండూ కుదరవు. పక్షుల దూరానికి అది అందదు, ఇంట్లో రాత్రిపూట వెలుతురు చాలదు. బ్యాగూ ట్రైపాడూ చూసి మనసు లాగుతుంది గానీ ఆ డబ్బు లెన్సులో పెడితే పదేళ్లు పనికొస్తుంది.

ముందు పాప సంగతి. 18-55ని 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6కి వచ్చేస్తుంది, ఈ ఎఫ్ అంకె ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు అయితే 9 రెట్లకి పైగా వెలుతురు లోపలికి తీసుకుంటుంది, అంటే ట్యూబ్‌లైటు కింద 1/15 సెకనులో తీయాల్సిన ఫొటో అదే ఐఎస్ఓలో (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) 1/125లో వచ్చేస్తుందన్నమాట. ఏడాది పిల్ల ఒక్కచోట కుదురుగా ఉంటుందా, 1/15 అంటే చేతులూ మొహమూ అన్నీ అలుక్కుపోతాయి. కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం అని 2015లో వచ్చింది, చవకైన లెన్సుల్లో నేను కళ్లు మూసుకుని చెప్పేది అదే. ఒక్క మాట, చిన్న సెన్సార్ (ఫొటో పడే చిప్పు) ఉన్న కెనాన్ మీద అది 80 ఎంఎంలా కనిపిస్తుంది, గది ఇరుకైతే మీరు గోడకి ఆనుకోవాల్సొస్తుంది, అప్పుడు 24 ఎంఎం ఎఫ్ 2.8 చూడండి.

పక్షులకి కెనాన్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం లెన్సు, ఐఎస్ అంటే చేతి వణుకు ఫొటోలో తెలియకుండా చేసేది. 250 ఎంఎం అంటే ఆ సెన్సార్ మీద 400తో సమానం. కొల్లేరు దగ్గర ఆటపాకలో పడవ మీద వెళ్తే గూడబాతులు బాగానే దగ్గరగా దొరుకుతాయి, గుంటూరు పక్కన ఉప్పలపాడులో అయితే ఊరి చెరువులోనే గూళ్లు కట్టుకుంటాయి కాబట్టి ఇంకా సులువు. పొద్దున్నే వెళ్లండి, ఆ లెన్సుకి వెలుతురు బాగుండాలి. పిచ్చుకంత పిట్టలకి మాత్రం అది చాలదు, దానికి లక్షల మాట, ఇప్పుడు వదిలేయండి.

ఇక బాడీ, అంటే లెన్సు లేకుండా ఒట్టి కెమెరా. కెనాన్ 200డి, 2017 మోడల్, సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి, పాతిక వేలు దాటనివ్వకండి. 24 మెగాపిక్సెల్స్, తిరిగే స్క్రీను, స్క్రీన్ మీద చూస్తూ తీసినా ఫోకస్ చకచకా పడుతుంది. మీ ఫ్రెండ్ చెప్పిందీ నిజమే, కెనాన్, నికాన్ రెండూ మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయాయి, ఎక్కువమంది అటు మారిపోతున్నారు కాబట్టే మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు మనకి తక్కువలో దొరుకుతున్నాయి. రేపు మీరు కెనాన్ మిర్రర్‌లెస్ అయిన ఈఓఎస్ ఆర్ సిరీస్‌కి మారినా, మధ్యలో అడాప్టర్ రింగు పెట్టుకుంటే ఈ లెన్సులన్నీ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి.

నికాన్ దొరికితే అదీ మంచిదే, కానీ డీ3500, డీ5600 లాంటి వాటి లోపల ఫోకస్ మోటారు ఉండదు, మోటారు లెన్సులోనే ఉండాలి, అంటే లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని గానీ ఏఎఫ్-పి అని గానీ రాసి ఉండాలి. నా మొదటి నికాన్‌కి చవకగా వచ్చిందని పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డి కొని ఇంటికొచ్చాక తెలిసింది ఆటోఫోకస్ రాదని, అమ్మినాయన ఒక్క ముక్క చెప్పలేదు, అప్పట్లో అది నాకు చాలా పెద్ద డబ్బు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు పగలు వెళ్లండి. ఎఫ్ 16లో పెట్టి తెల్లగోడని తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి, నల్లచుక్కలుంటే సెన్సార్ మీద దుమ్ము, అది క్లీన్ చేయించుకోవచ్చు. లెన్సులోకి ఫోన్ టార్చి కొట్టి చూడండి, సాలీడు దారాల్లా కనిపిస్తే ఫంగస్, ఎంత తగ్గించినా తీసుకోవద్దు. బిల్లు అడగండి, దాని మీద సీరియల్ నంబరూ బాడీ మీదదీ ఒకటేనా చూసుకోండి.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం. రెండేళ్లకే లెన్సులో ఫంగస్ వచ్చింది, బ్యాగులోంచి తియ్యకుండా జాగ్రత్తగానే దాచాం కదా, ఎందుకొచ్చింది?

జవాబు: బ్యాగులోంచి తియ్యకపోవడం వల్లే అమ్మా. సముద్రపు ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ, బ్యాగు గుడ్డ ఆ తేమని పట్టి ఉంచుతుంది, పైగా లోపలంతా చీకటి, ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని అందులో సిలికా జెల్ (తేమ పీల్చి రంగు మారే గుళికలు) వేసి పెట్టండి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. వారానికోసారైనా బయటికి తీసి నాలుగు ఫొటోలు తియ్యండి. ఫంగస్ వచ్చిన లెన్సుని మాత్రం మిగతా వాటితో కలిపి పెట్టకండి.